రికవరీ బండి డ్రైవర్ అవుతానంటున్నాడు, పంపించమంటారా?

ప్రశ్న: మాది కోదాడ. మా అబ్బాయికి 19 ఏళ్లు. ఐటీఐలో రెండేళ్ల మోటార్ మెకానిక్ కోర్సు చేశాడు. హైవే మీద ఆగిపోయిన కార్లను ఎక్కించుకెళ్లే రికవరీ బండి మీద ఏడు నెలలుగా హెల్పర్‌గా పోతున్నాడు. ఇప్పుడు ఆ బండికే డ్రైవర్‌నవుతా, నాకు ఈ పనే నచ్చింది అంటున్నాడు. ఓనరు ఇప్పటికే అప్పుడప్పుడు రాత్రిళ్లు స్టీరింగ్ ఇస్తున్నాడట. అర్ధరాత్రి ఫోన్ వస్తే లేచి పోతాడు, తిరిగొచ్చేదాకా నాకు కంటి మీద కునుకుండదు. వాళ్ల నాన్న లేరు. చుట్టాలేమో డిగ్రీలో చేర్పించు, డ్రైవర్‌కి పిల్లనెవరిస్తారు అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, మిగతా సంగతులన్నిటికంటే ముందు ఒకటి చేయండి. ఈ రోజు నుంచే అబ్బాయిని ఆ బండి నడపొద్దని చెప్పండి. పని మానేయమని కాదు, స్టీరింగ్ పట్టుకోవద్దని. బ్రేక్‌డౌన్ వ్యాన్లు, రికవరీ బండ్లు ట్రాన్స్‌పోర్ట్ వాహనాల కిందికి వస్తాయి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం 20 ఏళ్లు నిండనివాళ్లు ట్రాన్స్‌పోర్ట్ వాహనాన్ని రోడ్డు మీద నడపకూడదు. కారు లైసెన్సు ఉంటే చాలని సుప్రీంకోర్టే చెప్పింది కదా అని ఓనరు అనవచ్చు. 2024 నవంబరులో వచ్చిన ఆ తీర్పు నిజమే. మొత్తం బరువు 7500 కిలోల లోపున్న ట్రాన్స్‌పోర్ట్ వాహనం నడపడానికి లైసెన్సులో వేరే అనుమతి అక్కర్లేదని అందులో ఉంది. వయసు నిబంధన మాత్రం అలాగే ఉంది. రాత్రిపూట ఏదైనా జరిగితే కేసు మీ అబ్బాయి మీద పడుతుంది, ఇన్సూరెన్సు దగ్గర పేచీ వస్తుంది. ఓనరు మంచివాడే కావచ్చు, నమ్మకంతోనే ఇస్తుండవచ్చు. అయినా ఈ ఒక్క విషయంలో మొహమాటపడకండి.

ఇక అసలు సంగతి. నన్నడిగితే, ఈ పని నచ్చిందంటున్న అబ్బాయిని ఆపొద్దంటాను. అయితే అతను నేర్చుకోవలసింది బండి తోలడం ఒక్కటే అనుకుంటే మాత్రం పొరపాటు. తోలడం ఈ పనిలో చిన్న భాగం.

నా అనుభవం ఒకటి చెబుతాను. మూడేళ్ల కిందట రాత్రి పదిన్నరకి చిట్యాల దాటాక మా కారు ఆగిపోయింది. నేను, నా భార్య, ఇద్దరు పిల్లలు కారులోనే కూర్చున్నాం. రికవరీ బండి వచ్చింది. డ్రైవర్‌కి పాతికేళ్లుంటాయేమో. దిగగానే కారు వంక కూడా చూడలేదు. "అన్నా, ముందు పిల్లల్ని తీసుకుని రెయిలింగ్ అవతలికి పోండి, ఫోన్లు కూడా అక్కడే చూసుకోండి" అన్నాడు. వెనక్కి నడిచి వెళ్లి కోన్లు పెట్టి వచ్చాడు. తర్వాత అడిగిన మొదటి ప్రశ్న, కారు మాన్యువలా ఆటోమేటికా అని. అతను రాకముందు ముప్పావు గంట సేపు పక్కనుంచి లారీలు దూసుకుపోతుంటే కారులో కూర్చోవడమే క్షేమం అనుకున్నాను. నాకు తెలియని సంగతి అతనికి తెలుసు. మీ అబ్బాయికి ఈ పని తెలుసా అని నన్నెవరైనా అడిగితే, దిగగానే అతను మొదట ఏం చేస్తాడో చూస్తాను.

ఆ ఆటోమేటిక్ ప్రశ్న వెనక చాలా ఉంది. చాలా ఆటోమేటిక్ కార్లలో గేర్‌బాక్సుకి ఆయిల్ అందించే పంపు ఇంజిన్ తిరిగితేనే తిరుగుతుంది. ఇంజిన్ ఆగిపోయిన కారుని, దాన్ని నడిపించే చక్రాలు నేల మీదే ఉంచి లాక్కెళితే లోపల ఆయిల్ అందక గేర్‌బాక్సు పాడవుతుంది. బ్యాటరీ కార్లది ఇంకో కథ. చక్రాలు తిరిగితే మోటారు తిరుగుతుంది, అది కరెంటు పుట్టిస్తుంది. దానివల్ల లోపలి భాగాలు దెబ్బతినవచ్చు. అందుకే వాటిని ఫ్లాట్‌బెడ్ మీద, అంటే వెనక చదునైన బల్ల ఉన్న బండి మీద, పూర్తిగా ఎక్కించి తీసుకెళ్లాలి. నారింజ రంగు కేబుళ్ల జోలికి పోకూడదు, అవి ఎక్కువ వోల్టేజివి. బ్యాటరీ కారులో కూడా చిన్న 12 వోల్టుల బ్యాటరీ ఒకటుంటుంది. అది దిగిపోతే కొన్ని కార్లలో తలుపులు తెరుచుకోవు, పార్కింగ్ బ్రేకు వదలదు. నాలుగు చక్రాలూ లాగే బండైతే మళ్లీ వేరే జాగ్రత్త. ఇవి తెలియని డ్రైవర్ చిన్న రిపేరుతో పోయేదాన్ని పెద్ద ఖర్చు చేసి అప్పజెబుతాడు. మీ అబ్బాయి చదివిన రెండేళ్ల ఐటీఐ ఇక్కడే పనికొస్తుంది. ఆ చదువు వృథా అయిందని చుట్టాలు అంటే నమ్మకండి.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో కార్లు, బైకులు నీళ్లలో మునిగినప్పుడు ఎంతోమంది తొందరపడి సెల్ఫ్ కొట్టి చూశారు. సిలిండర్లోకి నీళ్లు పోయాక సెల్ఫ్ కొడితే, గాలిలాగా నీళ్లు నొక్కుకోవు కాబట్టి ఇంజిన్ లోపలి కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. "స్టార్ట్ చేయకండి, అలాగే ఎక్కిస్తాం" అని ఫోన్‌లోనే చెప్పగలిగిన డ్రైవర్ ఆ ఇంటికి ఇంజిన్ ఖర్చు మిగిల్చినట్టే. ఆ మాట చెప్పేవాడిని జనం మర్చిపోరు, నంబరు దాచుకుంటారు.

ప్రమాదం గురించి మీకు దాచిపెట్టి లాభం లేదు. ఈ పనిలో పెద్ద భయం వెనక నుంచి వచ్చే బండి. నిద్రమత్తులో ఉన్న లారీ డ్రైవర్ ఒక్కడు చాలు. అందుకే ట్రాఫిక్ వైపు నిలబడి బెల్టులు కట్టకూడదు. రేడియం జాకెట్ లేకుండా దిగకూడదు. మలుపు దగ్గరైతే కోన్లు మలుపు కంటే ముందే పెట్టాలి. వించ్ రోప్, అంటే కారుని బండి మీదికి గుంజే తాడు, లాగుతున్నప్పుడు దాని పక్కన గానీ దాని మీదుగా గానీ ఎవరూ ఉండకూడదు, తెగితే కొరడాలా వచ్చి కొడుతుంది. ఎత్తిన బండి కిందికి చక్రాలకు దిమ్మెలు పెట్టకుండా దూరకూడదు. ఇవి మీరు అడిగితే అబ్బాయి గడగడా చెబుతాడు. చెప్పడం వేరు, వానలో తడుస్తూ రాత్రి రెండింటికి చేయడం వేరు. ఓనరు దగ్గరికి వెళ్లి ఆ బండిలో ఎన్ని కోన్లున్నాయో, జాకెట్లున్నాయో మీరే చూసి రండి. జాకెట్లు లేకపోతే అది మంచి చోటు కాదు, బండి ఎంత కొత్తదైనా సరే.

యాక్సిడెంటు బండ్లు కూడా ఎత్తాల్సి వస్తుంది. మనుషులు గాయపడ్డ చోట 108కి ఫోన్, పోలీసులకు కబురు, ఆ తర్వాతే బండి. పోలీసులు చెప్పకుండా బండిని కదిలిస్తే సాక్ష్యం చెరిపినట్టవుతుంది. ఆ దృశ్యాలు చూసి వచ్చిన రోజు అబ్బాయి అన్నం తినకపోవచ్చు, మాట్లాడకపోవచ్చు. బలవంతం చేయకండి, కానీ వరుసగా నాలుగైదు రోజులు నిద్రపట్టకపోతే డాక్టర్‌కి చూపించడానికి సిగ్గుపడకండి.

డబ్బు విషయానికొస్తే, చాలా చోట్ల కొంత జీతం, ట్రిప్పుకింత బత్తా అని ఉంటుంది. బత్తా మీదే నడిచే చోట కుర్రాళ్లు నిద్ర మానేసి ట్రిప్పులు కొడతారు. అందుకని జీతం భాగం ఎక్కువగా ఉండేలా మాట్లాడుకోమనండి. ఒక బండికి ఇద్దరు డ్రైవర్లున్నారా, వారానికి సెలవుందా, పీఎఫ్, ఈఎస్ఐ కడతారా అని అడగాలి. ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన బ్యాంకులో ఏడాదికి 20 రూపాయలకే వస్తుంది, ప్రమాద మరణానికి 2 లక్షలు. అది ఈ వారంలోనే చేయించండి. అది సరిపోదు, ఇంకో ప్రమాద బీమా కూడా తీసుకోవాలి. ఇంకో అలవాటు కూడా నేర్పించండి. బండి ఎక్కించే ముందే రేటు చెప్పడం, నాలుగు వైపులా ఫోటోలు తీసి పాత గీతలు కారు ఓనరుకి చూపించడం. తర్వాత "ఈ సొట్ట నువ్వే పెట్టావు" అనే గొడవ రాదు.

సొంత బండి మాట కూడా త్వరలోనే వస్తుంది, చూడండి. ఇప్పుడే వద్దు. రికవరీ బండి ప్రతి ట్రిప్పులోనూ ఒకవైపు ఖాళీగానే పోతుంది, డీజిల్ మాత్రం రెండు వైపులా కాలుతుంది. దారిలో ఆగిన బండ్లకు సాయం పంపే రోడ్‌సైడ్ అసిస్టెన్స్ కంపెనీల పనులు చేస్తే డబ్బులు చేతికి వెంటనే రావు, బండి అప్పు వాయిదా మాత్రం నెల తిరిగేసరికి కట్టాలి. పాత లారీకి బెడ్డు కట్టించి అనుమతి లేకుండా తిప్పేవాళ్ల మాటలు అసలు వినొద్దు. కనీసం మూడు నాలుగేళ్లు వేరేవాళ్ల బండి మీద పనిచేసి, షెడ్లవాళ్లతో, షోరూముల సర్వీసు వాళ్లతో పరిచయాలు పెరిగాక చూద్దాం.

20 ఏళ్లు నిండేలోపు ఖాళీగా ఉండనక్కర్లేదు. కారు లైసెన్సు వచ్చి ఏడాది అయితేనే హెవీ వాహనానికి లెర్నర్ లైసెన్సు ఇస్తారు కాబట్టి, ఇప్పటికీ తీసుకోకపోతే వెంటనే తీసుకోవాలి. పెద్ద ఫ్లాట్‌బెడ్లు, లారీలను ఎత్తే బండ్లు 7500 కిలోలు దాటుతాయి, వాటికి హెవీ తప్పదు. సిరిసిల్ల దగ్గర మందేపల్లిలో డ్రైవింగ్ శిక్షణ కేంద్రం ఉంది, వెళ్లి కనుక్కోండి. కళ్లు ఒకసారి పరీక్ష చేయించండి, రాత్రి చూపు ముఖ్యం. ఇంతలో వారానికి రెండు రోజులైనా బ్యాటరీ కార్ల సర్వీసు చేసే షెడ్డులో పని నేర్చుకుంటే ఇంకా మంచిది. చదువు మీద మనసు మళ్లితే, రెండేళ్ల ఐటీఐ చేసినవాళ్లకు బ్రిడ్జి కోర్సు, ఎల్‌పీసెట్ అనే ప్రవేశ పరీక్ష ద్వారా పాలిటెక్నిక్ రెండో ఏడాదిలో చేరే దారి ఉంది. ఇష్టం లేని డిగ్రీ కంటే అది వందరెట్లు నయం.

పెళ్లి సంగతి ఇప్పుడు ఆలోచించకండి, అబ్బాయికి 19 ఏళ్లే. తాగని డ్రైవర్, జీతం ఇంటికి తెచ్చే డ్రైవర్ అని ఊళ్లో పేరు పడనివ్వండి. ఆ పేరు మన చేతిలో ఉంది, చుట్టాల మాటలు మన చేతిలో లేవు.

మీ నిద్ర గురించి ఒక చిన్న ఏర్పాటు చేసుకోండి. పనిలో ఉన్నప్పుడు మీరు ఫోన్ చేయకండి, రోడ్డు మీద ఫోన్ మోగితే అతని దృష్టి చెదురుతుంది. బయల్దేరేటప్పుడు ఎక్కడికో ఒక మెసేజ్, బండి ఎక్కించి బెల్టులు బిగించాక ఇంకో మెసేజ్ పెట్టమనండి. రెండోది రాకపోతే గంట తర్వాత ఓనరుకి ఫోన్ చేయండి, అబ్బాయికి కాదు.