వీసీ దిగిపోయాక ఏం మిగిలిందని చూడాలి?

మాజీ వైస్ ఛాన్సలర్ నాయకత్వం మీద సెమినార్ పేపర్ రాయాలి, కట్టిన భవనాలు, వచ్చిన గ్రేడులు కాకుండా ఇంకేం చూడాలి అని అడిగారు. శ్రీకాకుళం జిల్లాలో డిగ్రీ కాలేజీ లెక్చరర్‌గా నేను ముందు చూసేది ఒకటే. అంతకుముందు గడప తొక్కలేని వాళ్లు ఎవరైనా ఆయన వల్ల లోపలికి రాగలిగారా?

నా సంగతే చెప్తాను. డిగ్రీ అయ్యాక ఎమ్మే చదువుతానంటే నాన్న వద్దనలేదు. "విశాఖలో హాస్టల్లో పెట్టి చదివించే తాహతు మనకి లేదమ్మా, మన జిల్లాలోనే ఎచ్చెర్ల పీజీ సెంటర్లో సీటొస్తే చదువుకో" అన్నారు. సీటొచ్చింది. క్యారేజీ పట్టుకుని పొద్దున్నే బస్సెక్కడం, హైవే మీద దిగి క్లాసుకు నడవడం. పొందూరు, రణస్థలం వైపు నుంచి వచ్చే అమ్మాయిలకు సాయంత్రం బస్సు తప్పితే ఊరు చేరే దారి ఉండేది కాదు. అది చూసి మా సారొకరు సెమినార్లన్నీ మధ్యాహ్నం నుంచి పొద్దుటికి మార్చేశారు. ఆ మార్పు లేకపోతే మా బ్యాచ్‌లో ఇద్దరు ముగ్గురు చదువు మానేసేవారే.

ఆ పీజీ సెంటర్‌ను ఆంధ్రా యూనివర్సిటీ 1977లో పెట్టింది. అప్పటి వీసీ నూజివీడు జమీందారీ కుటుంబానికి చెందిన ఎం.ఆర్. అప్పారావు గారు. ఇలాంటి నిర్ణయం సిండికేటు (యూనివర్సిటీ పాలక మండలి), ప్రభుత్వం అందరూ కలిస్తేనే జరుగుతుంది, కాబట్టి ఘనతంతా ఆయన ఒక్కరిదే అనను. కానీ వంద కిలోమీటర్ల అవతల పిల్లల కోసం సెంటర్ పెట్టడానికి పెద్ద కుర్చీలో ఉన్నవాళ్లు మనసు పెట్టాలి. 2008లో అదే డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ యూనివర్సిటీ అయింది.

ఇంకా వెనక్కి వెళ్తే ఆంధ్రా యూనివర్సిటీ మొదటి వీసీ కట్టమంచి రామలింగారెడ్డి గారు. 1926లో ఆ యూనివర్సిటీ మొదలైంది బెజవాడలో. ఎక్కడ ఉండాలన్న దాని మీద పెద్ద గొడవే నడిచి, చివరికి 1930లో వాల్తేరుకు వచ్చింది. అప్పటికి శ్రీకాకుళం జిల్లా లేదు, విజయనగరం జిల్లా లేదు. విజయనగరం మహారాజా కాలేజీలో డిగ్రీ అయినవాళ్లు పై చదువుకు మద్రాసు వైపు చూడాల్సిన రోజులవి. యూనివర్సిటీ బెజవాడలోనే ఉండిపోయి ఉంటే మన వైపు ఎంతమంది చదివేవారో ఆలోచించండి. బ్రిటిష్ ప్రభుత్వ దమనకాండకు నిరసనగా తను మొదటి నుంచీ నిలబెట్టిన పదవికే రామలింగారెడ్డి గారు రాజీనామా చేశారు. ఇది మీ పేపర్లో తప్పక ఉండాలి. కుర్చీ కన్నా మాట ముఖ్యం అనుకున్న మనిషి కాబట్టే 1936లో తిరిగి వచ్చి 1949 దాకా పనిచేసినప్పుడు ఆయన మాటకు అంత విలువ ఉండేదని నేను గట్టిగా నమ్ముతాను.

ఆయన రెండు విడతల మధ్యలో వీసీగా ఉన్న సర్వేపల్లి రాధాకృష్ణన్ గారిని చూస్తే మనుషుల్ని ఎంచుకునే చూపు తెలుస్తుంది. ఫిజిక్స్‌కు భగవంతం, కెమిస్ట్రీకి టి.ఆర్. శేషాద్రి, ఎకనామిక్స్‌కు వి.కె.ఆర్.వి. రావు, ఇంకా హుమాయూన్ కబీర్, హీరేన్ ముఖర్జీ. అప్పటికి అందరూ కుర్రవాళ్లే. తర్వాత రావు, కబీర్ కేంద్ర మంత్రులయ్యారు, ముఖర్జీ పార్లమెంటులో కమ్యూనిస్టు నాయకుడయ్యారు. రాజకీయాలు చూసి కాకుండా సత్తా చూసి పిలిచారన్నమాట. ఇప్పుడు ఎన్నో చోట్ల పోస్టులు ఏళ్ల తరబడి ఖాళీగా ఉండి, గెస్టు ఫ్యాకల్టీతో క్లాసులు నడుస్తుంటే నాకు ఇది ఇంకా బాధగా గుర్తొస్తుంది.

కాబట్టి శిలాఫలకాలు చదివి రాయకండి. మీరు ఎంచుకున్న వీసీ హయాంలో ఎవరిని చేర్చుకున్నారో, ఏ కోర్సులు కొత్తగా పెట్టారో, ఆడపిల్లల హాస్టల్లో సీట్లు పెరిగాయో లేదో పాత వార్షిక నివేదికల్లో వెతకండి. రిటైరైన సూపరింటెండెంట్లు, అటెండర్లు దొరికితే కూర్చుని మాట్లాడండి. ఏ ఫైలు ఎవరు ఆపారో, ఎవరు కదిలించారో వాళ్లకు బాగా తెలుసు.