మలం నల్లగా వస్తుంటే సెప్టెంబర్ 30 దాకా ఆగొద్దు

ప్రశ్న: నా వయసు 23. మాది సింగరాయకొండ. చెన్నైలోని ఒక పెద్ద ఆడిట్ ఫర్మ్‌లో, టాక్స్ విభాగంలో సీఏ ఆర్టికల్స్ (సీఏ చదువులో భాగమైన ట్రైనింగ్) చేస్తున్నాను. నెల రోజులుగా నెల్లూరులో రూము తీసుకుని రైస్ మిల్లులు, రొయ్యల వ్యాపారుల ఆడిట్ పని చూస్తున్నాం. సెప్టెంబర్ 30 లోపు రిపోర్టులు అప్‌లోడ్ చేయాలి కాబట్టి రాత్రి పన్నెండు వరకూ ల్యాప్‌టాప్ ముందే ఉంటున్నాను. నాలుగు నెలలుగా దాదాపు రోజూ తలనొప్పి. మెడికల్ షాపులో ఇచ్చిన నొప్పి మాత్రలు రోజుకి రెండు మూడు వేసుకుంటున్నాను, కడుపులో మంటకి గ్యాస్ మాత్ర కూడా. చదివింది గుర్తుండటం లేదు, ఫైనల్ దగ్గరపడుతోంది. తలనొప్పికి ఇంకొంచెం పవర్ ఉన్న మందు, జ్ఞాపకశక్తికి ఏదైనా టానిక్ చెప్పండి. వారం నుంచి మోషన్ నల్లగా వస్తోంది, మెస్ తిండి వల్ల అనుకుంటున్నాను. లేచి నిలబడితే ఒక్కోసారి తల తిరుగుతోంది. ఈ పని అయ్యాక ఒంగోలు వెళ్లి చూపించుకుంటాను.

జవాబు: మీరు అడిగింది తలనొప్పి గురించి, టానిక్ గురించి. నన్ను కంగారుపెట్టింది మాత్రం మీరు చివర్లో తేలిగ్గా రాసేసిన రెండు వాక్యాలు. నాలుగు నెలలుగా నొప్పి మాత్రలు, వారం నుంచి నల్లటి మలం, నిలబడితే తల తిరగడం, ఈ మూడూ ఒకే మనిషిలో కనబడితే కడుపులో ఎక్కడో రక్తం కారుతోందేమోనని ముందు అనుమానిస్తాం. మిమ్మల్ని చూడకుండా ఇది అల్సరే అని నేను చెప్పలేను, కాదని కూడా చెప్పలేను. అందుకే ఇది చదివిన రోజే, రేపు కాదు, ఆస్పత్రికి వెళ్లండి. నెల్లూరులోనే ఉన్నారు కదా, దర్గామిట్టలో ప్రభుత్వ పెద్దాస్పత్రి ఉంది, పొగతోటలో అడుగడుగునా డాక్టర్లున్నారు. ఒంగోలు దాకా ఎందుకు?

ఐరన్ మాత్రలు వేసుకున్నా, బిస్మత్ ఉన్న కడుపు మందులు తాగినా మలం నల్లగానే వస్తుంది, అవి వాడుతుంటే డాక్టరుకి చెప్పండి. అవేవీ లేకుండా తారులాగా జిగటగా, ఎప్పుడూ లేని దుర్వాసనతో వస్తుంటే మాత్రం అది పైనుంచి, అంటే జీర్ణాశయం నుంచో చిన్నపేగు మొదటి భాగం నుంచో కారిన రక్తం అరిగి నల్లబడినదై ఉండొచ్చు. మెస్ తిండికి విరేచనాలు పట్టుకుంటాయి, మంట వస్తుంది, ఇలా వారం రోజులు నల్లగా మాత్రం రాదు.

మీరు మాత్ర పేరు రాయలేదు. షాపుల్లో తలనొప్పి అంటే చేతికొచ్చేవి ఎక్కువగా డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి, లేదా వాటిలో పారాసిటమాల్ కలిపినవి. ఒంట్లో నొప్పి పుట్టించే ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలనే ఇవి ఆపుతాయి, కానీ కడుపు లోపలి పొరని యాసిడ్ నుంచి కాపాడేదీ ఆ ప్రోస్టాగ్లాండిన్లే. అందుకే రోజూ మింగితే, అందులోనూ వేళకి తినకుండా మింగితే, పొర దెబ్బతిని పుండు పడొచ్చు. గ్యాస్ మాత్ర వాడుతున్నా కదా అని ధైర్యంగా ఉండకండి, అది ముప్పుని కొంత తగ్గిస్తుందే కానీ పూర్తిగా తీసేయదు. మంట తెలియకుండా చేసి మిమ్మల్ని ఇన్నాళ్లు ఆగేలా చేసింది కూడా అదేనేమో.

ఈ విషయం మీద నేను ఎప్పుడూ కాస్త ఎక్కువే మాట్లాడతాను. కనిగిరి వైపు నుంచి ఫ్లోరైడ్ నీళ్ల వల్ల కీళ్లు బిగుసుకుపోయిన పెద్దవాళ్లు వస్తుంటారు, ఏళ్ల తరబడి నొప్పి మాత్రలు మింగి ఉంటారు, కొందరికి కిడ్నీలు దెబ్బతిన్నాక గానీ ఆ సంగతి బయటపడదు. వాళ్లకి చదువు లేదు, ఎవరూ చెప్పలేదు అనుకోవచ్చు. మీరు క్లయింటు పుస్తకాల్లో ప్రతి ఎంట్రీకీ ఓచర్ అడిగే పని నేర్చుకుంటున్నారు, నాలుగు నెలలు రోజూ నోట్లో వేసుకున్న మాత్రకి చీటీ లేదు, పేరు గుర్తు లేదు. కోపంతో అనడం లేదు బాబూ, బాధేస్తోంది. ఇంకో సంగతి, విడి మాత్రలు కాగితంలో చుట్టి ‘సెట్టు’ అని ఇస్తుంటారు, వాటిలో కొన్నిసార్లు స్టెరాయిడ్ కూడా ఉంటుంది. నొప్పి మాత్ర, స్టెరాయిడ్ కలిస్తే అల్సర్ ముప్పు ఇంకా పెరుగుతుంది. మీరు తీసుకున్నది అలాంటిదైతే, స్టెరాయిడ్ ఎక్కువ రోజులు వాడాక ఒక్కసారిగా మానడం కూడా మంచిది కాదు కాబట్టి, ఆ సంగతి డాక్టరుకి తప్పకుండా చెప్పండి. మిగిలిన మాత్రలు, ఖాళీ స్ట్రిప్పులు అన్నీ వెంట పట్టుకెళ్లండి.

అక్కడ నాడి, బీపీ చూస్తారు, పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి చూడమని మీరే అడగండి. హిమోగ్లోబిన్ పరీక్ష చేస్తారు. మొదటి రోజు అది మామూలుగా వచ్చినా ఇంటికి పరిగెత్తకండి, రక్తం పోయిన కాసేపటికే ఆ అంకె పడిపోదు. ఎండోస్కోపీ అంటే భయపడొద్దు, గొట్టం లోపలికి పంపి చూసే పని కొద్ది నిమిషాల్లో అయిపోతుంది, రక్తం కారుతుంటే చాలాసార్లు అందులోనే ఆపేయొచ్చు. అల్సర్‌కి కారణమయ్యే హెచ్. పైలోరీ అనే బ్యాక్టీరియా ఉందేమో కూడా చూడాలి. గ్యాస్ మాత్రలు వాడుతున్నప్పుడు ఆ పరీక్ష తప్పుగా ‘లేదు’ అని చూపించొచ్చు, ఏ మందు వేసుకున్నారో దాచకండి. వాంతిలో రక్తం గానీ, కాఫీ పొడి లాంటిది గానీ కనబడినా, కళ్లు తిరిగి పడినా, చెమటలు పట్టి గుండె దడదడలాడినా, భరించలేనంత కడుపునొప్పి వచ్చినా ఆలోచించకుండా 108కి ఫోన్ చేయండి.

ఇక తలనొప్పి. మూడు నెలలకి పైగా, నెలలో సగం రోజులు నొప్పి మాత్రలు వాడితే (రెండు మూడు మందులు కలిపి చేసిన మాత్రలైతే నెలకి పది రోజులు చాలు) ఆ మాత్రల వల్లే తలనొప్పి రావొచ్చు. మానగానే కొన్ని రోజులు పెరిగినట్టు అనిపిస్తుంది, తర్వాత తగ్గుతుంది. కాబట్టి పవర్ ఉన్న మందు అడగడం ఆపండి, ఉన్న నొప్పి మాత్రలు ఇప్పుడే మానేయండి, నేను చెప్పిన ‘సెట్టు’ మాత్రలైతే ఎలా మానాలో ఈరోజే డాక్టరుని అడగండి. కళ్లు, బీపీ చూపించుకోండి. ఉన్నట్టుండి ముందెప్పుడూ లేనంత తీవ్రంగా నొప్పి వచ్చినా, జ్వరంతో మెడ పట్టేసినా, చూపు మసకబారినా, కాలూ చెయ్యీ బలహీనపడినా అది వేరే లెక్క, వెంటనే చూపించాలి.

టానిక్ వద్దు. చాలా టానిక్కుల్లో ఐరన్ ఉంటుంది, అది తాగితే మలం దానివల్ల నల్లబడిందో రక్తం వల్ల నల్లబడిందో డాక్టరుకి తెలియకుండా పోతుంది. రాత్రి పన్నెండు దాటి పడుకుంటూ, ఒంట్లో రక్తం తగ్గుతూ ఉంటే ఎవరికైనా చదివింది నిలవదు. దానికి కారణం దొరికాక మాట్లాడుకుందాం.

మా తమ్ముడి కొడుకు కూడా ఆర్టికల్స్ చేశాడు, సెప్టెంబర్ వస్తే ఇంట్లో వాళ్ల ఫోన్ ఎత్తేవాడు కాదు, కాబట్టి మీరు సెలవు అడగడానికి జంకుతారని నాకు తెలుసు. డాక్టరు చీటీ ఫోటో తీసి మీ సీనియర్‌కి పంపండి, వివరంగా రాయక్కర్లేదు, ‘కడుపులో రక్తస్రావం అనుమానం, పరీక్షలు చేస్తున్నారు’ అని చాలు. ఇంట్లో కూడా చెప్పండి. ఆస్పత్రికి వెళ్లేటప్పుడు బండి మీరు నడపకండి, రూమ్మేట్‌నో, మీతో ఆడిట్‌కి వచ్చిన అబ్బాయినో వెంట తీసుకుని ఆటోలో వెళ్లండి.