మినిమమ్ డ్యూ తగ్గుతున్నా, నీవు కట్టేది తగ్గించకు

చిరంజీవి మేనల్లుడికి, ఆశీస్సులు.

నీవు పంపిన క్రెడిట్ కార్డు స్టేట్‌మెంటు మొత్తం చదివాను. ప్రతి నెలా మినిమమ్ డ్యూ గడువులోపే కడుతున్నా బాకీ ఎందుకు కరగడం లేదని అడిగావు. లోపం నీ క్రమశిక్షణలో లేదు, ఆ మొత్తాన్ని నిర్ణయించే పద్ధతిలోనే ఉంది. మినిమమ్ డ్యూ అనేది లేటు ఫీజు పడకుండా, ఖాతా ఎగవేతల లెక్కలోకి పోకుండా కాపాడే సొమ్ము మాత్రమే. అప్పు తీరడానికి ఎంత కట్టాలో అది చెప్పదు. కొన్ని కార్డుల్లో దాన్ని మొత్తం బాకీలో ఇంత శాతమని, మరికొన్నింటిలో ఆ నెల వడ్డీకీ ఫీజులకూ అసలులో చిన్న భాగాన్ని కలిపి లెక్కగడతారు. ఎలా గట్టినా, బాకీ తగ్గేకొద్దీ మినిమమ్ కూడా తగ్గుతూ వస్తుంది. చిక్కంతా అక్కడే ఉంది.

ఒక లెక్క వేసి చూపిస్తాను, కాగితం మీద నీవు కూడా వేసి చూడు. బాకీ 1,00,000, వడ్డీ నెలకు 3 శాతం, మినిమమ్ 5 శాతం అనుకుందాం. కార్డు మీద కొత్తగా ఏమీ కొనడం లేదనీ అనుకుందాం. మొదటి నెల 3,000 వడ్డీ చేరి బాకీ 1,03,000 అవుతుంది, అందులో 5 శాతంగా నీవు 5,150 కడతావు, అంటే అసలులో నిజంగా తగ్గినది 2,150 మాత్రమే. ఇలా ఏడాది పొడవునా మినిమమే కడుతూ పోతే సుమారు 55,000 చెల్లించిన తరువాత కూడా బాకీ 77,000 మిగులుతుంది. అది సగానికి రావడానికి 32 నెలలు, 10,000కు దిగడానికి దాదాపు తొమ్మిదేళ్లు పడుతుంది.

ఇప్పుడు అదే బాకీకి, అదే వడ్డీకి, ఒక్క మార్పు చెయ్యి. మొదటి నెల కట్టిన 5,150నే, తరువాతి స్టేట్‌మెంట్లలో మినిమమ్ ఎంతకు దిగినా, ప్రతి నెలా మార్చకుండా కట్టు. 30 నెలల్లో అప్పు పూర్తిగా తీరిపోతుంది. తగ్గుతున్న మినిమమ్ వెంట నడిచినవాడికి అదే 30 నెలల తరువాత ఇంకా 52,000 బాకీ ఉంటుంది. మొదటి నెల ఇద్దరూ కట్టింది ఒకే మొత్తమన్న సంగతి గమనించు. అందుకే నేను ఎవరికైనా ముందు చెప్పేది ఎక్కువ కట్టమని కాదు, కట్టేది తగ్గించవద్దని. ఆ పైన నెలకు 7,000 కట్టగలిగితే 19 నెలల్లో, 10,000 కట్టగలిగితే ఏడాది దాటీ దాటకముందే బయటపడతావు. మొత్తం వడ్డీ 5,150 దారిలో సుమారు 52,000 అయితే, 7,000 దారిలో సుమారు 32,500కు, 10,000 దారిలో దాదాపు 21,000కు తగ్గుతుంది. నీ కార్డు వడ్డీ రేటు స్టేట్‌మెంటులోనే ఉంటుంది కనుక, ఆ అంకెతో ఈ లెక్కను మళ్లీ వేసుకో.

నెలకు 3 శాతం అంటే చూడడానికి చిన్నదే కానీ, చక్రవడ్డీతో ఏడాదికి 42 శాతం దాటుతుంది. ఈ బాకీ నెత్తిన ఉండగా డిపాజిట్‌లో పెద్ద మొత్తం దాచుకోవడం వివేకం కాదు, ఎందుకంటే అక్కడ వచ్చే వడ్డీ ఇక్కడ పోయే వడ్డీకి ఏ మూలకూ చాలదు. అలాగని ఉన్నదంతా ఊడ్చి కార్డుకే కట్టవద్దు. ఆసుపత్రి ఖర్చో, ఉద్యోగంలో ఆటంకమో వస్తే మళ్లీ అదే కార్డు గీకవలసి రాకుండా కొంత చేతిలో ఉంచుకో.

బాకీ తీరేవరకు ఆ కార్డు మీద కొత్త కొనుగోళ్లు ఆపెయ్యి. బిల్లు పూర్తిగా కట్టేవారికి కొన్న రోజు నుంచి గడువు తేదీ వరకు వడ్డీ ఉండదు, కానీ బాకీ మిగిల్చినవారికి సాధారణంగా ఆ వెసులుబాటు రద్దవుతుంది, కొన్న రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. ఒక చేత్తో అదనంగా కడుతూ మరో చేత్తో కొంటూ పోతే ఓటికుండలో నీళ్లు పోసినట్టే. కార్డుతో నగదు తీయడం అంతకన్నా చేటు, దానికి ఫీజూ ఉంటుంది, మొదటి రోజు నుంచి వడ్డీ కూడా ఉంటుంది.

వడ్డీని రోజువారీ బాకీ మీద లెక్కిస్తారు కనుక గడువు తేదీ దాకా ఆగనక్కరలేదు. జీతం పడిన వెంటనే కట్టు, నెల మధ్యలో ఏదైనా చేతికొస్తే అదీ కట్టు. ఆటోపే పెట్టుకున్నావు, మంచిదే, కానీ అది మినిమమ్‌కే పెట్టి ఉంది. మరచిపోయిన నెలలో లేటు ఫీజు పడకుండా దాన్ని అలాగే ఉంచి, నీవు నిర్ణయించుకున్న మొత్తంలో మిగతాది నీ చేత్తో పంపు. రెండో కార్డు మీద కూడా కొంత ఉందన్నావు కదా. అక్కడ మినిమమ్ తప్పకుండా కట్టి, అదనపు సొమ్మంతా ఏ కార్డుకు వడ్డీ రేటు ఎక్కువో దానికే మళ్లించు. చిన్న బాకీని ముందు తీర్చేస్తే మనసుకు తెరిపి కలుగుతుందనేవారున్నారు, నేను మాత్రం వడ్డీ వైపే చూస్తాను.

బాకీని ఈఎంఐగా మార్చుకోమనీ, వేరే కార్డుకు బదిలీ చేయమనీ నీకు ఫోన్లు వస్తాయి. వడ్డీ నిజంగా తగ్గేటట్టయితే తప్పు లేదు, కానీ ప్రాసెసింగ్ ఫీజు ఎంతో, తక్కువ వడ్డీ ఎన్ని నెలలో, ఆ తరువాత ఎంతో, ముందే తీర్చేస్తే రుసుము ఉందో లేదో రాతపూర్వకంగా తెలుసుకున్నాకే ఒప్పుకో. ఒప్పుకున్నాక పాత కార్డులో ఖాళీ అయిన ఖర్చు పరిమితిని మళ్లీ వాడవద్దు.

చివరి వాయిదా కట్టిన తరువాతి నెలలో కూడా స్టేట్‌మెంటులో చిన్న వడ్డీ కనిపించవచ్చు. స్టేట్‌మెంటు తయారైన రోజుకూ నీవు కట్టిన రోజుకూ మధ్య నడిచిన వడ్డీ అది. కంగారు పడకుండా దాన్ని కూడా కట్టి, బాకీ సున్నా అని చూపే స్టేట్‌మెంటు వచ్చాకే ఆటోపేను పూర్తి మొత్తానికి మార్చు.

ఆశీస్సులతో,
నీ మేనమామ