డాంగిల్ పెట్టుకునే ముందు

చిట్టి తల్లీ,

ఉద్యోగం మానేసి మన విశాఖలోనే కొమ్మాదిలో గది తీసుకున్నావనీ, ఆన్‌లైన్‌లో టెన్త్ పిల్లలకి లెక్కలు చెబుతావనీ నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. గర్వంగా అనిపించింది. గోడకి కన్నం వెయ్యొద్దని ఓనరు అన్నాడని కేబుల్ నెట్ వదిలేసి, సిమ్ వేసి కంప్యూటర్‌కి గుచ్చుకునే నెట్ డాంగిల్ కొంటున్నావని వినేసరికి మాత్రం టెన్షన్ పట్టుకుంది.

అడ్వాన్సు ఇచ్చేశావా? ఇవ్వకపోతే ముందు ఆ గదిలో రెండు మూడు కంపెనీల సిమ్‌లు వేసి చూడు. పగలు కాదు, రాత్రి ఏడు దాటాక చూడు. ఆ వేళకి అందరూ ఒకే టవరు మీద పడతారు, స్పీడు పడిపోతుంది. నీ క్లాసులు కూడా ఆ వేళకే కదా. పాఠం చెప్పేదానివి, నీ వీడియో పిల్లలకి వెళ్లే అప్‌లోడ్ స్పీడు కూడా చూసుకో. ఆ వైపు కొండలున్నాయి, టవరుకీ నీ కిటికీకీ మధ్య కొండ అడ్డొస్తే సిగ్నల్ అందదు. సిమ్ నీ పేరు మీదే తీసుకో. వైఫై పాస్‌వర్డ్ మొదటి రోజే మార్చు.

ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా చదువు.

మీ వదిన ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ రోజుల్లో మా గాజువాక ఇంట్లో డాంగిలే ఉండేది. నెలకి రెండు జీబీల ప్యాక్. కావాల్సిన కాలేజీల వరస నెట్‌లో పెట్టే వెబ్ ఆప్షన్లకి ఆఖరి రోజు. ముందు రాత్రి డాంగిల్ తియ్యకుండా, కంప్యూటర్ ఆపకుండా పడుకున్నాను. తెల్లారేసరికి అప్‌డేట్లన్నీ వాటంతటవే దిగి ప్యాక్ మొత్తం తినేశాయి. నాకది తెలియలేదు. పేజీ తెరుచుకోకపోతే సిగ్నల్ లేదనుకున్నాను. లాప్‌టాప్ పట్టుకుని హాల్లోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి డాబా మీదకి తిరిగాను. బ్యాలెన్స్ చూడు నాన్నా అని అది రెండుసార్లు అంది. నువ్వు మాట్లాడకు అని కసిరాను. రెండు గంటలు అలాగే పోయాయి. చివరికి నెట్ సెంటర్‌కి పరిగెత్తాం. అక్కడ క్యూ. మా వంతు వచ్చేసరికి కంగారులో కాలేజీల వరస తారుమారైంది. ఇంటి దగ్గర రావాల్సిన సీటు ఎక్కడో దూరాన వచ్చింది. నాలుగేళ్లు హాస్టల్లో ఉంది పిల్ల. ఒక్కసారి కూడా నన్ను ఏమీ అనలేదు. అనుంటే బాగుండేది.

అందుకే చెబుతున్నాను. నెట్ ఆగితే మొదట డేటా ఎంత మిగిలిందో చూడు, సిగ్నల్ సంగతి ఆ తర్వాత. కంప్యూటర్ సెట్టింగ్స్‌లో ఆ డాంగిల్ కనెక్షన్‌ని మీటర్డ్‌గా, అంటే డేటా పొదుపుగా వాడేలా పెట్టు, చాలా అప్‌డేట్లు ఆగుతాయి. గంట వీడియో క్లాసుకి సుమారు ఒక జీబీ వేసుకో. రోజుకి ఒకటిన్నర జీబీ ప్యాక్ రెండు క్లాసులకి సరిపోదు. అది అయిపోయాక వచ్చే 64 కేబీపీఎస్ నత్తనడక స్పీడుతో నీ మొహం కూడా కనిపించదు పిల్లలకి. రెండు పూటలు తిండి మానేసి డబ్బు మిగల్చడం నీకు అలవాటు, నాకు తెలుసు. ప్యాక్ దగ్గర ఆ పని చెయ్యకు. తిండి దగ్గరా చెయ్యకు.

డాంగిల్‌ని లాప్‌టాప్‌కి నేరుగా గుచ్చకు, వేడెక్కుతుంది. యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ వైరుతో కిటికీ దగ్గర ఎత్తులో పెట్టు. వర్షం జల్లు తగలనివ్వకు.

ఇంకో కంపెనీ సిమ్ ఒకటి దగ్గర పెట్టుకో. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు నువ్వు చిన్నదానివి. ఫోన్లు పోయాయి, కరెంటు పోయింది. మీరు ఎలా ఉన్నారో తెలియక రెండు రోజులు నాకు అన్నం దిగలేదు. ఎన్‌ఏడీ జంక్షన్ దాకా బండి మీద, అక్కణ్నుంచి కూలిన చెట్ల మధ్య కంచరపాలెం దాకా నడిచొచ్చాను. నువ్వు బిందె పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నావు. అలాంటి గాలికి రెండో సిమ్ కూడా పనిచెయ్యదు, నిజమే. అందుకే తుఫాను హెచ్చరిక రాగానే పవర్ బ్యాంక్ నింపుకో, పిల్లల తల్లిదండ్రులకి క్లాసు లేదని ముందే చెప్పు, లైను ఉండగానే అమ్మకి ఫోన్ చెయ్యి. ఆ తర్వాత నాకు.

ఆదివారం వస్తున్నాను. వైరు నేను తెస్తాను, కొనకు. నీ గది కిటికీ కొండ వైపుందో, హైవే వైపుందో చూసి చెప్పు. అత్తయ్య అరిసెలు చేస్తోంది.

మీ మామయ్య