ట్రైనింగ్‌కు పోయేముందు నీ అడుగు చూసుకో

చిరంజీవి అల్లుడికి,
మామ ఆశీస్సులు.

గోల్కొండ ఆర్టిలరీ సెంటర్‌లో రిపోర్ట్ చేయమని లెటర్ వచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసింది. చాలా సంతోషం. "అన్నా, వీడి కాళ్లు తట్టుకుంటాయా?" అని కూడా అడిగింది. రోజూ పొద్దున ఓయూలో పరుగెత్తి వచ్చి షిన్ పెయిన్ (మోకాలి కింద ముందు ఎముక వెంబడి నొప్పి) అని ఐస్ పెట్టుకుంటున్నావట కదా. ఆర్మీ భర్తీ ర్యాలీలో 1.6 కిలోమీటర్లు గట్టెక్కాను, ఇంక ఢోకా లేదని నువ్వు అనుకుంటూ ఉండొచ్చు. ఆ పరుగు దాదాపు ఆరు నిమిషాల్లో ముగిసే పని. సెంటర్‌లో పొద్దున పీటీ, తర్వాత డ్రిల్, ఒకచోటి నుంచి ఇంకోచోటికి దౌడ్ మీదే పోవడం, చీకటి పడేదాకా కాళ్లకు బూట్లే. ఉస్తాద్‌గా, అంటే ట్రైనింగ్ ఇచ్చేవాడిగా, నేను చూసినంతలో ఊపిరి చాలక వెనకబడ్డ పిల్లలకంటే కాళ్లు దెబ్బతిని వెనకబడ్డవాళ్లే ఎక్కువ.

ఇది ఇవాళ్టి సంగతి కాదు. కవాతు చేసే సిపాయిల పాదాలు వాచి నొప్పెడుతున్నాయని 1855లోనే ప్రష్యా సైన్యంలో బ్రైట్‌హౌప్ట్ అనే డాక్టర్ రాసిపెట్టాడు. పాదంలోని సన్నటి ఎముకలు చిట్లడం వల్ల అలా అవుతోందని ఎక్స్‌రే వచ్చాక గానీ తేలలేదు. దాన్నే మార్చ్ ఫ్రాక్చర్ అన్నారు. ఇజ్రాయెల్‌లో 295 మంది రిక్రూట్లను పరిశీలిస్తే 31 శాతం మందికి స్ట్రెస్ ఫ్రాక్చర్లు (పదేపదే పడే భారానికి ఎముక చిట్లడం) కనిపించాయని 1985లో ప్రచురించారు. వాళ్లంతా నీలాగే ఫిట్‌గా ఉన్న కుర్రాళ్లే.

ఎందుకిలా అంటే, కొత్త భారం పడ్డప్పుడు ఎముక తనను తాను మళ్లీ కట్టుకుంటుంది. ముందు పాతది కరిగిపోతుంది, తర్వాతే కొత్తది పేరుకుంటుంది. మన సిటీలో రోడ్డు తవ్వినట్టే, తవ్వకం చకచకా అయిపోతుంది, పూడ్చడానికి నెలలు పడుతుంది. ట్రైనింగ్ మొదలైన మూడు నాలుగు వారాలకు ఎముక ఇలా సగం తవ్విన స్థితిలో ఉంటుంది. సరిగ్గా అప్పుడే ట్రైనింగ్ కూడా జోరందుకుంటుంది. ఆ రోజుల్లో నువ్వు వేసే అడుగు ఎలాంటిదన్నది చాలా ముఖ్యం.

నీ నడక సంగతి చెప్తాను. మొన్న పెళ్లిలో వెనకనుంచి చూశాను. కుడికాలు నేలకు ఆనగానే మడమ లోపలికి ఒరుగుతోంది, బరువంతా బొటనవేలి వైపుకి పోతోంది. బ్రిటిష్ సైన్యంలో రిక్రూట్లను ట్రైనింగ్ మొదట్లోనే, పాదంలో ఎక్కడ ఎంత బరువు పడుతోందో కొలిచే ప్రెజర్ ప్లేట్ మీద నడిపించి, తర్వాత ఎవరి కాళ్లకు ఏమైందో గమనించారు. పాదం లోపలి అంచు మీద బరువు ఎక్కువ వేసేవాళ్లకే షిన్ పెయిన్ ఎక్కువగా వచ్చింది. స్టామినా తక్కువ ఉన్నవాళ్లు, సిగరెట్ తాగేవాళ్లు కూడా ఆ లిస్టులో ఉన్నారు. ఆ రెండోది నీకెందుకు చెప్తున్నానో నీకు తెలుసు. మీ అమ్మకు నేను చెప్పలేదు.

పాదం ఒరగడం ఒక్కోసారి పాదంలో మొదలవదు, నడుం కింద పిరుదు కండరాల్లో మొదలవుతుంది. అద్దం ముందు ఒంటికాలి మీద నిలబడి, ఆ మోకాలు మెల్లగా వంచి చూడు. మోకాలు లోపలి వైపుకి తిరిగిపోతే ఆ కండరాలు బలహీనంగా ఉండొచ్చు. ఒంటికాలి మీద వంగడం, మెట్టు అంచున నిలబడి మడమలు ఎత్తి దించడం ఇవాళే మొదలుపెట్టు. పరుగుకు ముందు స్ట్రెచింగ్ చేస్తే గాయాలు రావని గ్రౌండ్‌లో ఎవరో ఒకరు చెప్తూనే ఉంటారు. ఆస్ట్రేలియా సైన్యంలో పదిహేను వందల మందికి పైగా రిక్రూట్లతో చేయించి చూశారు, చెప్పుకోదగ్గ తేడా ఏమీ రాలేదు.

పాదం వంపు గురించి కూడా బెంగ పెట్టుకోకు. ఫ్లాట్ ఫుట్ లేదని మెడికల్‌లో తేల్చేశారు. తడి కాలితో మీ ఇంట్లో షాబాదు బండ మీద అడుగు వేసి చూడు. మడమ, పాదం ముందు భాగం మాత్రమే పడి మధ్యలో ఏమీ పడకపోతే నీ వంపు ఎత్తు. చదును పాదాలవాళ్లకే దెబ్బలని మేమంతా అనుకునేవాళ్లం. అమెరికా పదాతి దళం రిక్రూట్ల మీద 1993లో ఒక పరిశోధన వచ్చింది. అందులో అందరికంటే చదునుగా ఉన్న పాదాలకే గాయాలు తక్కువ. వంపు ఎత్తుగా ఉన్న పాదం అదురు సరిగా పీల్చుకోదు, కాబట్టి నీది అలాంటిదైతే నువ్వు మెత్తగా దిగడం నేర్చుకోవాలి. పాదం ఆకారాన్ని బట్టి వేర్వేరు షూలు ఇచ్చి కూడా అమెరికావాళ్లు చూశారు, గాయాలేమీ తగ్గలేదు. అందుకని అబిడ్స్‌లో ఎనిమిది వేల షూ కొనిపెట్టమని మీ నాన్నను సతాయించకు. కాలికి సరిపోయేది, అరిగిపోనిది చాలు.

అన్నింటికంటే నాకు టెన్షన్ నీ బారు అడుగు. పరుగులో కాలు ముందుకు చాపి, మోకాలు బిగబట్టి, మడమతో కొడతావు. ఆ దెబ్బ నేరుగా మోకాలి కింది ఎముకకే. అడుగు కాస్త కుదించి, నిమిషానికి వేసే అడుగులు ఐదు నుంచి పది శాతం పెంచు. పాదం నీ ఒంటికి కిందే పడాలి, బాగా ముందుకు కాదు. వేగం తగ్గదు, మోకాలి మీద భారం మాత్రం తగ్గుతుంది. చెవులు కూడా వాడు. ఇయర్‌ఫోన్ తీసేసి పరుగెత్తు. రెండు కాళ్ల చప్పుడూ ఒకేలా ఉందా, ఒకటి టపటపమంటోందా? ఓయూ రోడ్డు నీళ్లు పోవడానికి అంచుల వైపు వాలుగా ఉంటుంది. ఎప్పుడూ ఎడమ అంచునే పట్టుకుని పరుగెత్తితే ఒక కాలు ఎత్తులో, ఇంకోటి పల్లంలో పడుతుంది. అందుకే వారంలో సగం రోజులు మట్టి గ్రౌండ్‌లో పరుగెత్తు.

సెంటర్‌లో మాత్రం అడుగు నీ చేతిలో ఉండదు. తేజ్ చల్‌లో, అంటే వేగంగా చేసే కవాతులో, నిమిషానికి 120 అడుగులు, ఒక్కో అడుగు 30 అంగుళాలు. ఎత్తు కొలతలో 166 సెంటీమీటర్లకు నువ్వు అంచు మీద గట్టెక్కినవాడివి, నీ సహజమైన అడుగు అంతకంటే చిన్నదే. పొడుగువాళ్లతో కలపాలని తొడలు సాగదీస్తావు. ఆస్ట్రేలియాలో ఆడపిల్లల ట్రైనింగ్‌లో ఇలాగే కటి ఎముకలు చిట్లుతుంటే, మార్చ్ వేగం తగ్గించి ఎవరి అడుగు వాళ్లను వేయనిచ్చారు. 11 శాతం ఉన్న ఫ్రాక్చర్లు ఒక శాతం లోపుకి వచ్చాయి. పరేడ్‌లో ఉస్తాద్ నీకా వెసులుబాటు ఇవ్వడు, నేనూ ఇచ్చేవాణ్ని కాదు. కానీ రోడ్ మార్చ్‌లో, బరువు మోసేటప్పుడు వెనకబడితే అంగలు పెంచకు, అడుగులు పెంచు. డ్రిల్‌లో కాలు కొట్టేటప్పుడు పాదం మొత్తం ఆననివ్వు, మడమ ఒక్కదాన్నే గుద్దకు.

ఇంకో మాట. నొప్పి వస్తే రెలిగేట్ చేస్తారన్న (వెనక బ్యాచ్‌లోకి నెట్టేస్తారన్న) భయంతో దాచిపెడతారు పిల్లలు. పక్కవాడి దగ్గర నొప్పి గోలీ తీసుకుని మింగి పరుగెడతారు. కాలి ముందు ఎముక లోపలి అంచు వెంబడి జానెడు మేర సలుపుతుంటే అది షిన్ పెయిన్, పరుగు తగ్గిస్తే సర్దుకుంటుంది. ఒక్క వేలితో నొక్కితే ఒకేచోట ప్రాణం పోతున్నట్టుంటే, రాత్రి పడుకున్నా నొప్పి ఉంటే, అది వేరే. పొద్దున్నే ఎంఐ రూమ్‌కు, అంటే సెంటర్‌లో డాక్టర్ చూసే గదికి పో. మొదటి రెండు మూడు వారాల్లో ఎక్స్‌రేలో ఏమీ కనిపించకపోవచ్చు, దాంతో ఏమీ లేదనుకోకు, మళ్లీ చూపించుకో. గజ్జల్లో నొప్పి వచ్చి, ఆ కాలి మీద బరువు వేయలేకపోతే అక్కడే ఆగి చెప్పు. తొడ ఎముక మెడ దగ్గర చిట్లితే ఆపరేషన్ దాకా పోతుంది. నెల పోతే జూనియర్ బ్యాచ్‌తో పాస్ అవుతావు, అంతే కదా.

మీ మామ,
సైనిక్‌పురి