జనరేటర్‌తో యుద్ధానికి వెళ్ళిన ఫిజిక్స్ మేడమ్

ప్రశ్న: మొదటి ప్రపంచ యుద్ధంలో ఎక్స్‌రే అనగానే మేరీ క్యూరీ పేరే వినిపిస్తుంది. అదే పని చేసిన ఐర్లాండ్ ఆవిడ ఇంకొకరు ఉన్నారని మా లెక్చరర్ అన్నారు. ఎవరండీ ఆవిడ? (డిగ్రీ విద్యార్థిని, తెనాలి)

జవాబు: ఎడిత్ స్టోనీ అయ్యుంటుంది. 1869లో డబ్లిన్‌లో పుట్టింది. మెడికల్ ఫిజిక్స్‌లో మొదటి మహిళ అని ఆ రంగంవాళ్ళు చెప్పుకునేది ఈవిడనే. చెల్లెలు ఫ్లోరెన్స్ డాక్టరు, ఎక్స్‌రే స్పెషలిస్టు. యుద్ధం మొదలవగానే అక్కాచెల్లెళ్ళిద్దరూ మేం వస్తామంటే బ్రిటిష్ రెడ్ క్రాస్ వద్దంది, ఆడవాళ్ళు కాబట్టి. అప్పటికే లండన్‌లోని రాయల్ ఫ్రీ ఆసుపత్రిలో ఎక్స్‌రే విభాగం పెట్టి నడిపిన చేతులవి, అయినా సరే!

దాంతో 1915లో ఎడిత్ స్కాటిష్ విమెన్స్ హాస్పిటల్స్ అనే సంస్థలో చేరింది. అక్కడ డాక్టర్ల దగ్గర్నుంచి డ్రైవర్ల దాకా అంతా ఆడవాళ్ళే. ముందు ఫ్రాన్స్‌లోని ట్రోయ్, గుడారాల్లో ఆసుపత్రి. నాకు బాగా నచ్చేది ఇక్కడి పనే. సైనికుడి ఒంట్లో తూటా ఉందని ఒక ఎక్స్‌రే చెబుతుంది గానీ ఎంత లోతున ఉందో చెప్పదు కదా, అందుకని ట్యూబును కొంచెం పక్కకి జరిపి రెండు బొమ్మలు తీసి, ఎడమ కంటికొకటి కుడి కంటికొకటి కనపడేలా చూస్తే లోతు తెలుస్తుంది, సర్జన్ ఎక్కడ పడితే అక్కడ కోయక్కర్లేదు. గాయం కుళ్ళి కండరాల్లో గ్యాస్ చేరే గ్యాస్ గ్యాంగ్రీన్‌ను కూడా ఎక్స్‌రేలోనే పట్టుకునేది. అది ఆలస్యంగా తెలిస్తే కాలో, ప్రాణమో పోయినట్టే.

తర్వాత సెర్బియా వైపు పంపారు. అక్కడ కరెంటు ఎవరిస్తారు? అది ముందే ఊహించి, మోసుకెళ్ళగలిగే ఇంజను ఒకటి కావాలని పట్టుబట్టి వెంట తీసుకెళ్ళింది. గెవ్గెలియా అనే ఊళ్ళో మూతబడ్డ పట్టు ఫ్యాక్టరీలో ఆసుపత్రి, అంతలోనే శత్రువు దగ్గరికొస్తే గ్రీసులోని సలోనికాకు వెనక్కి. అక్కడ సముద్రం పక్కన నీళ్ళు నిలిచే పల్లపు నేల. 1916 జనవరి 1 కల్లా లైట్లు వెలిగాయి, ఎక్స్‌రే మొదలైంది. క్యూరీ గొప్పతనం ఎక్కడికీ పోదు గానీ, ఈవిడ పేరు మన పుస్తకాల్లో ఒక్క లైనైనా లేకపోవడం నాకైతే అన్యాయమే అనిపిస్తుంది. ఫ్రాన్స్ క్రువా ద గెర్ అనే యుద్ధ పతకం, సెర్బియా సెయింట్ సావా పతకం ఈవిడకి ఇచ్చాయి.

ప్రశ్న: కేంబ్రిడ్జ్‌లో చదివి ప్యాసైనా ఆవిడకి డిగ్రీ ఇవ్వలేదని ఎక్కడో చదివాను. ఫీజు బాకీయా? (రిటైర్డ్ లెక్కల టీచర్, కరీంనగర్)

జవాబు: ఫీజు కాదు మాస్టారూ, ఆడపిల్ల కావడమే. 1893లో న్యూనమ్ కాలేజీ నుంచి గణితం ట్రైపాస్, అంటే అక్కడి ఆనర్స్ డిగ్రీ పరీక్ష, రాస్తే 17వ రాంగ్లర్ స్థాయి వచ్చింది. రాంగ్లర్ అంటే ఆ పరీక్షలో ఫస్టు క్లాసు తెచ్చుకున్నవాళ్ళని మీకు నేను చెప్పక్కర్లేదు. పరీక్ష రాయనిస్తారు, ర్యాంకు చెబుతారు, పట్టా మాత్రం ఇవ్వరు, ఇదెక్కడి న్యాయమో! కేంబ్రిడ్జ్ ఆడవాళ్ళకి పూర్తి డిగ్రీలిచ్చింది 1948లో, అప్పటికి ఈవిడ పోయి పదేళ్ళు. అయితే 1904 నుంచి 1907 దాకా డబ్లిన్‌లోని ట్రినిటీ కాలేజీ ఇలాంటివాళ్ళకి పట్టాలిచ్చింది, వందల మంది స్టీమరెక్కి వెళ్ళి తెచ్చుకున్నారు. ఈవిడా సొంత ఊరి నుంచే పట్టా తెచ్చుకుంది.

ప్రశ్న: ఆవిడ పాఠాలు ఎలా చెప్పేవారు? డాక్టరీ చదివే అమ్మాయిలకి ఫిజిక్స్ ఎందుకసలు? (నీట్‌కి చదువుతున్న అమ్మాయి తల్లి, నెల్లూరు)

జవాబు: మీ ఇంట్లో జరుగుతున్న గొడవ అర్థమైంది లెండి. ఎడిత్ 1899 నుంచి లండన్ స్కూల్ ఆఫ్ మెడిసిన్ ఫర్ విమెన్‌లో ఫిజిక్స్ చెప్పింది, ల్యాబ్ కూడా తనే పెట్టింది. ఒక విద్యార్థిని జ్ఞాపకం ప్రకారం నీలం ఏప్రన్ వేసుకుని, రంగు చాక్‌పీసులతో బోర్డు మీద గీస్తూ, మధ్యమధ్యలో కంగారుగా వెనక్కి తిరిగి అర్థమైందా అని అడిగేదట. లెక్కల్లో మరీ దిట్ట కావడంతో మామూలు పిల్లల కష్టం ఆవిడకి ఓ పట్టాన తెలిసేది కాదని కూడా ఆ అమ్మాయే అంది. పాఠం సంగతెలా ఉన్నా, ఆడవాళ్ళ చదువుకోసం బయట కూడా తిరిగింది. యూనివర్సిటీల్లో చదివిన ఆడవాళ్ళ సమాఖ్యకి 1909 నుంచి 1915 దాకా కోశాధికారి, ఆడవాళ్ళని లాయర్లు కానివ్వాలన్న ప్రయత్నంలోనూ ఉంది. 1936లో పరిశోధన చేసేవాళ్ళకోసం స్కాలర్‌షిప్ పెట్టి దానికి నాన్న పేరు, చెల్లెలి పేరు పెట్టింది. మీ అమ్మాయి ఫిజిక్స్ వదిలేస్తానంటే ఆ ట్రోయ్ గుడారాల సంగతి చెప్పి చూడండి, స్కానింగ్ సెంటరుకి ఓసారి తీసుకెళ్ళినా ఫర్వాలేదు.

ప్రశ్న: ఎలక్ట్రాన్‌ను కనిపెట్టింది స్టోనీయా, థామ్సనా? (ఇంటర్ విద్యార్థి, శ్రీకాకుళం)

జవాబు: పేరు పెట్టింది జార్జ్ జాన్‌స్టన్ స్టోనీ, ఎడిత్ వాళ్ళ నాన్నే, 1891లో. అప్పుడు ఆ పేరు విద్యుదావేశపు ప్రమాణానికి. కణాన్ని పట్టుకున్నది 1897లో జె.జె. థామ్సన్, ఆయనేమో దాన్ని వేరే పేరుతో పిలిచాడు. పరీక్షలో రెండూ కలిపేసి మార్కులు పోగొట్టుకోకు బాబూ.