గౌను కన్నా ముందు లోచొక్కా

చిరంజీవికి,

నువ్వు పంపిన కథ చదివాను. 1770ల లండన్‌లో మీ నాయిక వీపు మీది బొత్తాలు పెట్టించుకుని, గౌను జేబులో ఉత్తరం దాచుకుని బయల్దేరింది. నాకు అక్కడే నమ్మకం సడలింది. ఆ కాలపు ఆడవాళ్ల గౌన్లు మామూలుగా ముందువైపు తెరుచుకునేవి, వాటిని మూసేవి చాలావరకు గుండుసూదులే. జేబంటే నడుముకు నాడాతో కట్టుకునే విడి సంచి. అది లంగా లోపల ఉంటుంది, పక్క చీలికలోంచి చెయ్యి దూర్చి తియ్యాలి. నీ కథలో దొంగ ఆ ఉత్తరాన్ని కొట్టెయ్యాలంటే ఆ నాడా కొయ్యనీ. కథకీ లాభమే.

ఇంకో అధ్యాయం రాసేలోపు ఒక్క షిఫ్ట్ చేత్తో కుట్టు. షిఫ్ట్ అంటే ఒంటికి తగిలే లినెన్ లోచొక్కా. మాటిమాటికీ ఉతికేది దాన్నే. పైనున్న పట్టుకు మరక పడితే ఆ మేరకే తుడిచేవారు. మీటరున్నర పన్నా ఉన్న లినెన్ రెండున్నర మీటర్లు చాలు. ముందు వేడినీళ్లలో ఉతికి ఆరబెట్టు, లేకపోతే కుట్టాక కురచవుతుంది. సుద్దగీతలు నమ్ముకోకు. ఒక పోగు లాగితే బట్టలో సన్నటి దారి పడుతుంది, కత్తెర దాని వెంటే నడవాలి. ఒళ్లు, చేతులు అన్నీ దీర్ఘచతురస్రాలే. చంకల కింద మాత్రం పదిహేను సెంటీమీటర్ల చదరపు ముక్కలు రెండు పడతాయి. కొత్తవాళ్లు వదిలేసేది వాటినే. అవి లేకపోతే చెయ్యెత్తినప్పుడు లాగుడంతా అతుకు మీద పడి, బట్ట చంక దగ్గరే చిరుగుతుంది.

దారం మూరెడు మించనివ్వకు, తేనెమైనం రాయి. పొడుగైతే చిక్కుపడుతుంది, మైనం లేకపోతే పీచు లేస్తుంది. లాగుడు పడే అతుకులకు రెండు మూడు మిల్లీమీటర్ల బ్యాక్ స్టిచ్, అంటే ప్రతి కుట్టుకీ సూది వెనక్కి తిప్పి వేసే కుట్టు, వెయ్యి. తర్వాత ఒక అంచు సగానికి కత్తిరించి, రెండోది దాని మీదికి మడిచి హెమ్మింగ్ చెయ్యి. బూడిదనీళ్లలో నానబెట్టి బాదే ఉతుకుడుకి మడవని అంచు నిలవదు, పోగులు ఊడిపోతుంది. మూరెడు కుట్టుకి ఎంతసేపు పట్టిందో రాసిపెట్టుకో. మీ నాయిక ఒక్క పూటలో ఆరు షిఫ్టులు ముగించిందని రాశావు కదా, ఆ లెక్క అక్కడ అక్కరకొస్తుంది. ఆ రోజుల్లో కుట్టుమిషన్ లేదు.

గౌను సంగతి వేరు. దాని టాకాలు పెద్దవి, కొన్నిచోట్ల మొరటువి కూడా. అది పనిరానితనం కాదు. బట్ట ఖరీదు, కూలి చవక. ఫ్యాషన్ మారితే విప్పి మళ్లీ కత్తిరించాలిగా! మ్యూజియాల్లో సన్నటి నడుములు ఎక్కువ కనిపించడానికి ఇదీ ఒక కారణం. పెద్ద గౌన్లు విప్పి ఇంకొకరికి కుట్టేశారు, ఎవరికీ పట్టని చిన్నవి పెట్టెల్లో మిగిలాయి. వాటిని కొలిచి అందరి నడుమూ అంతేననుకోకు. చిత్రపటాలూ అంతే, అవి పండగపూట బట్టలు.

ఇక రెండో అధ్యాయంలో స్టేస్‌తో, అంటే కార్సెట్ లాంటి గట్టి లోదుస్తుతో, నడుము బిగించే దృశ్యం. తాడును అడ్డదిడ్డంగా గుణకారపు గుర్తుల్లా అల్లావు. అప్పట్లో ఒకే తాడు మెలిక తిరుగుతూ పైకి పోయేది. రంధ్రాల చుట్టూ ఉండేది దారపు కుట్టు మాత్రమే, లోహపు రింగులు ఆ తర్వాతి శతాబ్దంలో వచ్చాయి. దాసి మోకాలు ఆనించి అంత బలంగా లాగితే నడుము తగ్గేలోపే రంధ్రాలు చిరుగుతాయి. ఆ పేజీ మార్చి పంపు.

ఆశీస్సులతో.